కొబ్బరికాయా, నాలుగు ముళ్ల వైరూ

ఆ రోజుల్లో కంప్యూటర్ తెలిసినవాడికి పల్లెల్లో ఆర్ఎంపీ డాక్టరుకున్నంత విలువ ఉండేది. ఇద్దరికీ తెలిసింది కూడా ఇంచుమించు సమానమే కానీ, ఆ సంగతి ఇద్దరమూ బయటపడనిచ్చేవాళ్లం కాదు. నేను ఖమ్మంలో ఆరు నెలల కోర్సు పూర్తిచేసి, సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించుకుని, ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఒక ఊరి బడిలో కంప్యూటర్ సారుగా చేరాను. ఆ ఆరు నెలల్లో నేను నిజంగా నేర్చుకున్నవి మూడు: టైపింగు, బొమ్మలకు రంగులు నింపడం, మానిటర్ మీద దుమ్ము తుడవడం. (మూడోదాంట్లో మా బ్యాచ్‌లో నేనే ఫస్టు.) తిరుమలాయపాలెం పక్కన మా పల్లెలో మాత్రం నేను కంప్యూటర్లు తయారుచేస్తానని మా అమ్మ చెప్పుకునేది. నేనెప్పుడూ కాదనలేదు. అమ్మ మాట కాదనకూడదని చిన్నప్పటి నుంచీ అలవాటు.

బడికి ఉన్నది ఒకే ఒక్క కంప్యూటరు. ఎవరో పెద్దమనసు చేసుకుని ఇచ్చింది. ముందు భాగంలో కంపెనీ పేరు వెండి అక్షరాల్లో మెరుస్తుండేది. మా హెడ్మాస్టరుది కల్లూరు వైపు. పిల్లల దగ్గర నుంచి ఊళ్లోవాళ్ల దాకా అందరూ ఆయన్ని పెద్దసారు అనేవాళ్లు. బడికి ఎవరొచ్చినా ముందు ఆ కంప్యూటరు గదికి తీసుకెళ్లి, "విడి సామాన్లు ఏరుకొచ్చి బిగించింది కాదండీ ఇది, కంపెనీది!" అని చూపించేవారు. కంపెనీది అన్న ఆ ఒక్క మాటే తరవాత నన్ను ఎన్ని తిప్పలు పెడుతుందో అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

ఆ బడిలో నాకు అందరికన్నా దగ్గరైన మనిషి వంటవ్వ. మధ్యాహ్న భోజనం వండేది. ఇంట్లో కోయ మాట్లాడేది, మాతో తెలుగు మాట్లాడేది, కోపం వస్తే రెండూ కలిపేసేది. ఆమె భర్త మా బడికి వాచ్‌మనూ, గంట కొట్టేవాడూ. కంప్యూటరుతో పాటు బుల్లి కెమెరా ఒకటి వచ్చింది. దాన్ని పరీక్షించడానికి ఎవరు దొరుకుతారా అని చూస్తే గంట తాత దొరికాడు. గంట కొట్టే ఇనుపకడ్డీని చేత్తో నిటారుగా పట్టుకుని, జెండాకు వందనం చేసేవాడిలా బిగదీసుకుని కూర్చున్నాడు. నేను ఏ మీట నొక్కాలో వెతుక్కునే సరికి బాగా ఆలస్యమైంది. ఇక ఉండబట్టలేక ఆయన "అయిపాయెనా?" అని నోరు తెరవడమూ, నేను నొక్కడమూ ఒకేసారి జరిగాయి. ఫోటోలో తాత నోరు సగం తెరిచే ఉండిపోయింది. మళ్లీ తీస్తానంటే, "ఒక్కటి చాలదా సారూ, నేనేమన్న పెండ్లికొడుకునా?" అని గంట కొట్టడానికి వెళ్లిపోయాడు.

ఆ వానాకాలంలోనే జ్వరం వచ్చి తాత పోయాడు. ఊళ్లో ఆయనకు మరో ఫోటో లేదు. ఫోన్లలో కెమెరాలు మా అడవి వైపు ఇంకా రాలేదు. నేను ఆ ఫోటోను కంప్యూటరు తెర నిండా పెట్టాను. అవ్వ రోజూ పిల్లలు తిని వెళ్లాక గిన్నెలు బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి తెర ముందు కూర్చునేది. ఎవరి మేక తప్పిపోయిందో, పప్పు ఎందుకు మాడిందో, అన్నీ వాళ్ల మాటలో తాతకు చెప్పేది. ఒకసారి నావైపు తిరిగి, "సూడు బిడ్డా, ఇంకేందో చెప్పబోతున్నడు" అంది. ఖమ్మం వెళ్లినప్పుడు దీన్ని పెద్ద సైజులో కడిగించి, ఫ్రేము కట్టించి తెస్తానని మాటిచ్చాను. వాళ్ల ఆనవాయితీ ప్రకారం పంట కోతలకు ముందు, దీపావళి దాటాక తాత దినాలు పెట్టుకున్నారు. ఆ రోజుకు ఫోటో ఉండాలి. అంతకంటే ఏమీ అడగలేదు. నేను రెండు నెలల పాటు ప్రతి శనివారమూ ఖమ్మం వెళ్లాను, ప్రతి శనివారమూ మర్చిపోయాను. నా మతిమరుపు మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇక దసరా. ఆయుధ పూజ నాడు రైతు నాగలికీ, డ్రైవరు లారీకీ బొట్టు పెట్టుకుంటారు కదా, నా ఆయుధం నాకూ ఉంది. మిగతా సార్లు ఊళ్లకు వెళ్లిపోయారు. నేను మానిటర్‌కు పసుపు రాసి, కీబోర్డుకు కుంకుమ పెట్టి (ఎమ్ అనే అక్షరం ఆ తరవాత ఏడాది పాటు ఎర్రగా ఉంది), పూజ వేళకు దేవుడు కళకళలాడుతూ ఉండాలని కంప్యూటరును ఆన్ చేసి ఉంచాను. తాత చూస్తుండగా కొబ్బరికాయ కొడితే బాగుంటుందని కూడా అనుకున్నాను. బయట రాయి ఉంది. కానీ బయట వాన పడుతోంది. బల్లకు ఇనుప అంచు ఉంది. ఒక్క దెబ్బకే కాయ రెండు చెక్కలైంది. నీళ్లు మాత్రం నేననుకున్న గ్లాసులోకి రాలేదు. కంప్యూటరు వెనకాల జల్లెడలాంటి బొక్కలుంటాయి చూశారూ, నేరుగా అందులోకి వెళ్లాయి. టప్‌మని ఒక చప్పుడు, కొంచెం పొగ, కాలిన కొబ్బరి వాసన. తాత సగం తెరిచిన నోటితోనే మాయమైపోయాడు.

వరండాలో ఎవరో కదిలినట్టనిపించి తల తిప్పాను. ఎవరూ కనిపించలేదు. నీళ్లు తుడవడానికి గుడ్డ తేవాలని పక్కగదికి పరుగెత్తి, తిరిగొచ్చేసరికి బల్లంతా పొడిగా ఉంది. కంగారులో దాని గురించి ఆలోచించలేదు. సెలవుల తరవాత పెద్దసారు అడిగితే మాత్రం ఏమాత్రం తడుముకోకుండా, "వోల్టేజీ సార్. ఒకేసారి ఎక్కువొచ్చింది" అన్నాను. మా ఊళ్లో ఆ మాటను అనుమానించే మనిషి పుట్టలేదు. "చూశావా, నేను ముందే అనుకున్నా" అని పెద్దసారు కరెంటాఫీసును తిట్టిన తిట్టు నాకే తగులుతున్నట్టుంది. అవ్వ గుమ్మంలో నిలబడి విన్నది. "మా ముసలోడు మల్ల కనవడ్తడా సారూ?" అని మాత్రం అడిగింది. దినాలకు ఇంకా మూడు వారాలున్నాయి. "ఎందుకు కనవడడు అవ్వా!" అన్నాను. నిజం చెబితే ఉద్యోగం పోతుందన్న భయం కొంత. ఆమె మొహంలోకి చూస్తూ ఆ మాట చెప్పలేకపోవడం దానికన్నా ఎక్కువ.

నా కోర్సు మిత్రుడికి ఫోన్ చేస్తే, "వెనక ఫ్యాన్ తిరగట్లేదా? అయితే పవర్ సప్లై పోయింది, మార్చెయ్" అన్నాడు, బల్బు మార్చెయ్ అన్నంత తేలిగ్గా. గోడ నుంచి కరెంటు తీసుకుని లోపల ఎవరికెంత కావాలో అంత పంచిపెట్టే వెండి రంగు డబ్బా అది. ఖమ్మం వెళ్లి, దొరికిన మొదటి షాపులో ఒకటి కొని, విజయగర్వంతో తిరిగొచ్చాను. పాతది విప్పకుండా కొత్తది కొనడం, కాలు చూడకుండా చెప్పులు కొనడం లాంటిదని ఆ వయసులో ఎవరు చెబుతారు.

మర్నాడు ప్లగ్గు పీకేసి, పక్క రేకు తీశాం. కంపెనీ కంప్యూటరు లోపలి రూపం చూడటం నాకు అదే మొదటిసారని నా మొహంలో కనబడకుండా జాగ్రత్తపడ్డాను. వెండి డబ్బా నుంచి నాలుగు వైర్ల గుత్తులు నాలుగు దిక్కులకు పోతున్నాయి. ఏది ఎక్కడిదో గుర్తుండాలంటే పటం గీయాలన్నారు పెద్దసారు. ఆయన సోషల్ సారు. డ్రాయింగు షీటు మీద చక్కగా గీసి, మూలన ఉత్తర దిక్కు బాణం కూడా వేశారు. అవ్వ వంగి చూసి, "గీతలతోని ఏమైతది సారూ?" అని లోపలికి వెళ్లి కొంచెం నార తెచ్చింది. ఒక గుత్తికి ఒక ముడి, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు, నాలుగోదానికి నాలుగు వేసింది. "తునికాకు కోసేటప్పుడు అందరి కట్టలు ఒక్క కళ్లంలనె ఎండుతయ్. ఎవరి కట్ట ఏదో ముడిని బట్టే ఎరికైతది. చీకట్ల ఏలు పెట్టి చూసినా తప్పు పోదు" అంది.

తరవాత వెనకాల నాలుగు స్క్రూలు తీసి డబ్బాను లాగాను. రాలేదు. పెద్దసారు లాగారు. రాలేదు. ఇద్దరం కలిసి లాగితే కంప్యూటరు మొత్తం మా ఒళ్లోకి వచ్చింది కానీ డబ్బా రాలేదు. ముప్పావు గంట అయ్యాక అవ్వ, "ఆ కింద నాలుకోలె ఉన్నదేంది?" అని చూపుడువేలితో నొక్కింది. డబ్బా జర్రున ముందుకు జారి నా చేతిలో పడింది. కంపెనీవాళ్లు అడుగున ఒక రేకు నాలుక పెట్టారట, అది నొక్కితేనే వదులుతుంది. నేను గొంతు సవరించుకుని, "ఆ, అదే నేను చెప్పబోతున్నా" అన్నాను. ఇక కొత్తది పెట్టబోతే అది బెత్తెడు పెద్దది. స్క్రూ బొక్కలు ఒక్కటీ కలవలేదు. పెద్ద ప్లగ్గు చూస్తే దాని పళ్లు వేరు, మనదాని పళ్లు వేరు. కంపెనీది అంటే అర్థమేమిటో ఆ రోజు తెలిసింది. దాని సామాను దానికే పడుతుంది, బయటిది ముట్టదు.

ఈసారి పాతదాన్నే వెంట తీసుకెళ్లాలనుకున్నాను. అవ్వ ఆ డబ్బాను రెండు చేతులతో పట్టుకుని, "ముసలోడు దీంట్లనె ఉన్నడా?" అని మెల్లగా అడిగింది. ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. ఫోటో ఎక్కడుంటుందో నాకూ తెలియదు. కాలింది ఇది, పోయింది తాత, కాబట్టి ఇందులోనే ఉండొచ్చని నాకూ లోలోపల భయంగా ఉంది. "అవ్, ఉన్నట్టే" అన్నాను. ఆమె తన పాత చీర ముక్కలో దాన్ని చుట్టి, "బస్సుల కాళ్లకాడ వెట్టకు. పైన గూట్ల కూడ వెట్టకు, పడ్తది. ఒళ్లనె పట్టుకో" అని, దారిలో తినమని అన్నం కట్టిచ్చింది. మూటలో రెండు ముద్దలున్నాయి. రెండోది తాతకా అని అడగలేకపోయాను.

బస్సులో చీర మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటు పెద్దమ్మ కాసేపు చూసి, "కిటికీ మూయి నాయనా, పసిబిడ్డకు గాలి కొడ్తది. తల్లి రాలేదా?" అంది. కాదని చెప్పాలంటే మొత్తం కథ చెప్పాలి. కిటికీ మూశాను. "ఎంత బుద్ధిమంతుడు, ఏడ్వనే ఏడ్వడు" అని ఆమె మెచ్చుకుంది. కొత్తగూడెం దాటాక ఒక గుంతలో బస్సు ఎగిరింది. చీరలోంచి నల్లా పచ్చా వైర్లు, నాలుగు ముళ్లతో సహా, బయటికి వేలాడాయి. పెద్దమ్మ ఖమ్మం వచ్చేదాకా మళ్లీ నావైపు చూడలేదు.

మిత్రుడు చెప్పిన చిరునామా పట్టుకుని ఒక సందులో, అందరూ చాచా అని పిలిచే ముసలాయన కొట్టుకు వెళ్లాను. వాళ్ల నాన్న రేడియోలు బాగుచేసేవాడట, చాచా టీవీలూ, ఆ తరవాత కంప్యూటర్లూ. తెల్ల గడ్డం, ముక్కు చివర అద్దాలు. మూట విప్పి డబ్బాను తిప్పి చూశాడు.

"దీన్ని ఇప్పలేదు గదా?"

"లేదు చాచా."

"మంచిగ జేసినవ్. ఇప్పి లోపల వేలు పెట్టినవనుకో, ప్లగ్గు పీకినా సరే షాక్ కొడ్తది. మీ బడిల నీ ఫోటో పెట్టేటోళ్లు. ఎట్ల పోయింది?"

"వోల్టేజీ."

చాచా డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. పట్టకారుతో బొక్కల్లోంచి ఏదో లాగి నా అరచేతిలో పెట్టాడు. చిన్న కొబ్బరి పీచు.

"అరే భాయ్, గీ వోల్టేజీ ఏ చెట్టుకు కాసింది?"

పీచును బల్ల మీద పెట్టాను. తాత సంగతి, అవ్వ సంగతి, రెండు నెలల శనివారాల సంగతి, మొత్తం చెప్పేశాను. నవ్వుతూ వినడం మొదలుపెట్టిన చాచా మధ్యలో నవ్వడం ఆపేశాడు. "ఫోటో దీంట్ల ఉండదు బేటా. హార్డ్ డిస్క్‌ల ఉంటది. ఇది పోయినా దానికేం కాదు, చాన వరకు. ఆ డిస్కే జేబుల వేసుకొని వచ్చి ఉంటే పది నిమిషాల్ల తీసిచ్చేటోణ్ని" అన్నాడు. రెండుసార్లు ఖమ్మం తిరిగినవాణ్ని, ఆరు నెలల సర్టిఫికెట్ ఉన్నవాణ్ని, నేలకేసి చూస్తూ నిలబడ్డాను. సిగ్గుతో పాటు, చెప్పొద్దూ, కళ్లనీళ్లు వచ్చేంత హాయిగా కూడా ఉంది. తాత కాలిపోలేదు. చాచా నిచ్చెన వేసుకుని, మోకాళ్లు పట్టుకుంటూ తనే అటక ఎక్కాడు. పాడైపోయిన కంప్యూటర్ల గుట్టలో మా కంపెనీదే ఒకటి వెతికి పట్టుకుని, దాని డబ్బా ఊడదీసి, మీటరు పెట్టి చూసి, ఫ్యాన్ తిరిగేదాకా దించలేదు. కొలత అదే, పళ్లూ అవే. మూట కట్టిస్తూ, "జల్దీ పో. ఆ అవ్వకు నిజం గూడ చెప్పు. పెద్దోళ్లకు మన అబద్ధం మనకంటె ముందే తెలుస్తది" అన్నాడు.

దినాలకు ఐదు రోజుల ముందు, మళ్లీ ముగ్గురం కంప్యూటరు చుట్టూ కూర్చున్నాం. అవ్వ పాత డబ్బానూ కొత్త డబ్బానూ పక్కపక్కన పెట్టి, ఏ గుత్తికి ఆ గుత్తి పోల్చి, అవే ముళ్లు వేసింది. డబ్బాను జారించాను, నాలుక టక్కున పట్టింది. స్క్రూలు కలిశాయి. పెద్దసారు గీసిన పటం చూసుకుంటూ ప్లగ్గులు పెట్టి, చెమట తుడుచుకుని స్విచ్చి నొక్కాను. ఫ్యాన్ తిరిగింది! పెద్దసారు చప్పట్లు కొట్టారు. కానీ తెర నల్లగానే ఉంది. మళ్లీ నొక్కాను. ఫ్యాన్ హోరు, నల్లటి తెర. మూడోసారి నొక్కే ధైర్యం చాల్లేదు. చాచా "చాన వరకు" అన్న మాట ఒక్కటే చెవిలో తిరుగుతోంది. అవ్వ తెరకేసి చూడట్లేదు. పెట్టె లోపలికి వంగి వేళ్లతో తడుముతోంది.

"ఒకటి ముడి ఉన్నది. రెండు ఉన్నది. మూడు ఉన్నది. నాలుగు ముళ్లది ఏది సారూ?"

వెతికితే అది డబ్బా కింద నలిగి ఇరుక్కుంది. నాలుగే వైర్ల చిన్న చదరపు ప్లగ్గు. అది లేకపోతే కంప్యూటరు మెదడుకే కరెంటు అందదని తరవాత తెలుసుకున్నాను. పటంలో చూస్తే అది ఉండాల్సిన చోట పెద్దసారు ఫ్యాన్‌ను పువ్వులాగా అందంగా గీసి ఉన్నారు. "ఉత్తరం సరిగానే వేశానయ్యా" అన్నారు పాపం, చిన్నబోయి. నాలుగు ముళ్లదాన్ని దాని చోట నొక్కి స్విచ్చి వేశాను. తెర తెల్లబడింది, నీలంగా మారింది, అక్షరాలు వచ్చాయి, పోయాయి. ఆ తరవాత ఇనుపకడ్డీ పట్టుకుని, నోరు సగం తెరిచి, గంట తాత వచ్చాడు. అవ్వ వాళ్ల మాటలో ఏదో అంది. ఏమన్నావు అని అడిగితే, "ఏడ వోయినవ్, గంట టైమైంది అన్న" అని కొంగుతో మొహం తుడుచుకుంది.

పెద్దసారు సంబరంగా, "కొత్త సామాను పడింది, కొబ్బరికాయ కొట్టవయ్యా!" అన్నారు. కాయ చేతికిచ్చారు. నేను అలవాటుగా బల్ల వైపు ఒక అడుగు వేశాను. అవ్వ నా మణికట్టు పట్టుకుంది. పెద్దసారుకు వినపడనంత మెల్లగా అంది.

"ఈసారి బయట కొట్టు సారూ."

బయటికెళ్లి రాయి ముందు నిలబడ్డానే కానీ చెయ్యి లేవలేదు. "అవ్వా, నువ్వు చూసినవా?" అన్నాను. "నువ్వు గుడ్డ కోసం ఉరికినప్పుడు బల్ల తుడిసింది ఎవరనుకున్నవ్?" అంది. దసరా పిండివంట పట్టుకుని వచ్చిందట, వాన తగ్గేదాకా వరండాలో నిలబడిందట. మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, నన్ను వెర్రివాణ్ని చూసినట్టు చూసింది. "చెప్తె నిన్ను పంపిస్తరు. నువ్వు పోతె దీన్ని బాగు జేసెటోడు ఎవడున్నడు? గదీగాక నువ్వు మావోనికి మొక్కుదామని చేసినవ్, చెడగొడ్దామని చేస్తివా?" అంది. ఆ రోజులన్నీ నా పళ్లెంలో పప్పు కింద దాచి ఒక గుడ్డు ఎక్కువ పెట్టింది ఆమే. భయంతో చిక్కిపోతున్నానని పెట్టిందట. నేను అది నా ఉద్యోగానికి దక్కిన గౌరవం అనుకున్నాను.

ఈసారి ఖమ్మం వెళ్లి మర్చిపోలేదు, దినాల నాటికి తాత ఫోటో ఫ్రేములో కూర్చుంది. గోడకు మేకు లేదు. అవ్వ ఆ కాలిపోయిన వెండి డబ్బాను అడిగి తీసుకుంది, ఫ్రేము వెనక ఆసరాగా పెట్టింది. ఫోటో అందులో ఎప్పుడూ లేదని అప్పుడు చెప్పాను. "అయితె ఏంది, నీ ఒళ్ల కూసొని ఖమ్మం పోయొచ్చింది గదా, ఉండనియ్" అంది. ఫ్రేముకూ దానికీ కలిపి బొట్టు పెట్టింది.

ఇప్పుడు నాకు ఖమ్మంలోనే ఒక చిన్న కంప్యూటరు కొట్టు ఉంది. పవర్ సప్లైలు ఎన్ని మార్చానో లెక్క లేదు. వైరు తీసే ముందు నారతో ముడి వేస్తాను. కొట్లో పనిచేసేవాళ్లు, "ఫోన్లో ఫోటో తీసుకుంటే అయిపోతది గదన్నా" అని నవ్వుతారు, నేనూ నవ్వుతాను, ముడి మాత్రం మానను. ఎవరైనా వచ్చి వోల్టేజీ అన్నారంటే ముందు డబ్బాను వాసన చూస్తాను. ఏదైనా తగిలితే పట్టకారు పక్కన పెట్టేసి, "అవునండీ, వోల్టేజీ మరీ ఘోరంగా ఉంటోంది" అంటాను. పోయిన దసరాకు కొట్లో పూజ చేసి కాయ చేతిలోకి తీసుకున్నాక, నాకు తెలియకుండానే కాసేపు అలాగే నిలబడిపోయాను. ఎవరో మణికట్టు పట్టుకుంటారని ఎదురుచూస్తున్నానని కొంచెం ఆలస్యంగా అర్థమైంది. వానేమీ లేదు. వీధిలోకి వెళ్లి రాయి మీద కొట్టాను.